నంబరు లేని అతుకు

వెల్డింగ్ నేర్చుకునేవాళ్లు తమ అతుకు మీద తమ నంబరు కొట్టాలి. ఇన్‌స్ట్రక్టరు దాన్ని సుత్తితో బాదుతాడు. విరిగితే ఆ ఇనుప ముక్కల్ని తలపైకెత్తి గంటసేపు నిలబడాలి. ఏడో నంబరు అమ్మాయికి ఈ వారంలో ఇది మూడోసారి. భుజాలు లాగేస్తున్నాయి, ఒళ్లు మండిపోతోంది.

"మీ మొహాలకి వెల్డింగొకటా!" అంటూ అతను బల్ల మీదున్న మరో అతుకు తీసి ఒక్కటేశాడు. అది పుటుక్కున విరిగింది.

"ఏ దద్దమ్మదిరా ఇది? నంబరు కూడా కొట్టి చావలేదు!"

ఆమె తన ముక్కల్ని దబ్బున కింద పడేసింది.

"నంబర్లు మాకే కదా సార్. అది పొద్దున మీరు మాకు చేసి చూపించిన నమూనా."

విరిగిన ముక్కలు రెండూ ఏరి అతని చేతుల్లో పెట్టింది.

"ఎత్తండి సార్. గంటసేపు."