సూదిమొనంత గాయం

మా తమ్ముడికి నలభై ఆరేళ్ళు. అయినా ఇంట్లో ఇప్పటికీ చిన్నోడే. వాడిది కమ్మరి పని. గొడ్డళ్ళు, ఉలులు, గునపాలు చేస్తాడు. నాది అదే వీధి చివర మేకులు, తాళ్ళు, తలుపు బందులు అమ్మే చిన్న దుకాణం. నేను పదో తరగతి దాకా చదివాను, వాడు ఏడుతో ఆపేశాడు. "మూడేళ్ళు ఎక్కువ చదివి ఏం ఒరగబెట్టావన్నయ్యా, నేను చేసిన గడియలే అమ్ముకుంటున్నావ్" అని ఏడిపిస్తుంటాడు.

పోయిన చలికాలంలో వాడి కుడి భుజం దెబ్బతింది. ఇరవై ఎనిమిదేళ్ళు సమ్మెట ఎత్తిన భుజం అది. ఇంకా కొడితే నోటి దాకా ముద్ద కూడా ఎత్తలేవని డాక్టరు చెప్పాడు. వారం రోజులు వాడు కొలిమి ముట్టించలేదు. పట్టుకార్లన్నీ తుడిచి గోడకి వరసగా తగిలించి, వాటి ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చునేవాడు. వాణ్ణి అలా చూడటం నాకు భయంగా ఉండేది.

ఆ తర్వాత ఒకరోజు ట్రాలీ మీద తాడేసి కట్టుకుని ఒక తుప్పు పట్టిన యంత్రాన్ని తెచ్చాడు. మూతపడిన కలప అడితిలో దుంగలు చీల్చే యంత్రమట. పొడుగాటి ఇనప దూలం, దానికి ఒక కొసన లావాటి సిలిండరు, రెండో కొసన గొడ్డలి నోరులాంటి ఇనప చీల. మధ్యలో దుంగ పెట్టి లివరు లాగితే, పంపు తోసిన నూనె బలానికి సిలిండరు లోంచి కడ్డీ మెల్లగా ముందుకొచ్చి దుంగని ఆ చీల మీదికి తోస్తుంది.

"దుంగని చీల్చే బలం ఎర్రగా కాలిన ఇనుముని నొక్కలేదా?" అన్నాడు. వారం తర్వాత వాడి మొహంలో వెలుగు చూడటం అదే మొదలు. ఇంక నేనేం అంటాను?

ఆరు వారాలు పట్టింది. చీలని కోసి పారేశాడు. దూలాన్ని నిలబెట్టి కాళ్ళు వెల్డింగు చేశాడు. సిలిండరు పైన, తల కిందులుగా. కింద ఒక ఇనప దిమ్మ, కడ్డీ కొసన ఇంకో దిమ్మ. రెంటి మధ్యా ఎర్రటి ఇనుము పెడితే సమ్మెట అక్కర్లేకుండా అణిగిపోవాలి. పంపు, నూనె ట్యాంకు, మోటారు గోడ పక్కన. సాయంత్రాలు దుకాణం కట్టేసి వెళ్ళి నేను బోల్టులు అందించేవాణ్ణి.

రెండు సంగతులు అప్పుడే నా కంట పడ్డాయి.

ఒకటి, నూనె మోసే రబ్బరు పైపులు పాతవే. పడుకున్న యంత్రానికి అమర్చిన పైపులు, ఇప్పుడు అది నిలబడింది. ఒక పైపు దూలం అంచుని ఒరుసుకుంటూ తిరగాల్సి వచ్చింది. రెండోది, పంపు దగ్గర ఒక మర. దాన్ని వాడు రెండు చుట్లు బిగించాడు. కాస్త ఆలోచించి ఇంకో అరచుట్టు.

"అదెందుకురా?"

"నూనె ఎంత బలంగా తొయ్యాలో దీనితోనే హద్దు. బిగిస్తే బలం పెరుగుతుంది."

"మరి ఆ హద్దు పెట్టినవాడు ఏదో తెలిసే పెట్టుంటాడు కదా?"

"వాడు కట్టెల కోసం పెట్టాడన్నయ్యా. నాది ఇనుము."

నేను రోజూ పొద్దున్నే స్నానం చేసి దేవుడి ముందు కూర్చునే మనిషిని. నాకు తెలియనివాటికి ఎవరో హద్దులు పెట్టి ఉంటారని నమ్మి బతికేవాణ్ణి. అయినా ఆ మర గురించి ఇంకో మాట అనలేదు. యంత్రాల సంగతి నాకేం తెలుసు అనుకున్నాను. తెలియనివాడు నోరు మూసుకోవడం వినయమా, పిరికితనమా? ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

వాడి భార్యకి, అంటే మా మరదలికి, మాత్రం ఆ యంత్రం మొదటినుంచీ నచ్చలేదు. "నిలబెట్టిన శవంలా ఉంది బావగారూ" అంది ఒకసారి. చివరికి మట్టి తవ్వే యంత్రాలు బాగుచేసే మెకానిక్ ఒకణ్ణి మాట్లాడుకుంది. అతన్ని అందరూ గ్రీజు అంటారు. అతను గురువారం వస్తానన్నాడు. మంగళవారం రాత్రి అన్నాల దగ్గర మొగుడి చెయ్యి తీసి తన నెత్తిన పెట్టుకుంది.

"గ్రీజు వచ్చి చూసేదాకా ఆ స్విచ్చి మీద చెయ్యి వెయ్యనని ఒట్టెయ్యండి."

"ఒట్టే. ఆ స్విచ్చి మీద నా చెయ్యి వెయ్యను. చాలా? కూర వెయ్యి."

బుధవారం పొద్దున ఆమె చెల్లెలింటికి వెళ్ళింది. మధ్యాహ్నం మూడింటికి వాడు నా దుకాణానికి వచ్చాడు.

"అన్నయ్యా, ఒకసారి రా."

"ఒట్టేశావు కదరా."

"నా చెయ్యి వెయ్యనని వేశాను. నీ చెయ్యి సంగతి ఎవరూ అనలేదు."

నవ్వొచ్చింది. చిన్నప్పుడు కూడా అంతే. చెట్టెక్కనని ఒట్టేసి గోడ మీంచి కాయలు కోసేవాడు. ఒట్టు తప్పకూడదనే భయం మా ఇద్దరికీ ఉంది. ఒట్టు తప్పకుండా పని జరిగే దారి దొరికితే అది తప్పు కాదనే నమ్మకం కూడా ఉంది. ఆ భయాన్నే నేను భక్తి అనుకునేవాణ్ణి. దుకాణం తలుపు దగ్గరగా వేసి వాడి వెంట నడిచాను.

స్విచ్చి నేనే వేశాను.

మోటారు మూలిగింది. కొలిమిలోంచి వాడు నారింజ రంగు కడ్డీ తీసి దిమ్మల మధ్య పెట్టాడు. "లాగు" అన్నాడు. లివరు లాగాను. పై దిమ్మ దిగింది. చప్పుడు లేదు, నిప్పురవ్వలు లేవు. అంత లావు కడ్డీ మైనంలా అణిగిపోయింది. వాడు నోరు తెరిచి నవ్వాడు. నేనూ నవ్వాను. కాని ఆ నిశ్శబ్దం నాకు పడలేదు. సమ్మెట దెబ్బ ఎంత గట్టిగా పడుతోందో చెవికి తెలుస్తుంది. ఇది ఏమీ చెప్పదు.

మూడో కడ్డీకి దిమ్మ సగంలో నెమ్మదించింది. గేజిలో ముల్లు వణికింది. గదిలో నూనె వాసన. కింద చూస్తే చుక్క లేదు.

"ఎక్కడో సన్నగా ఊదుతోంది" అన్నాడు. "లివరు అలాగే పట్టుకో. వదిలితే దొరకదు."

పట్టుకున్నాను. వాడు చేతి తొడుగు తీసేశాడు.

ఇక్కడొక మాట చెప్పాలి. కమ్మరివాడికి చెయ్యే కన్ను. ఇనుము చల్లారిందో లేదో చూపుకి తెలియదు, నల్లబడ్డ ఇనుము కూడా తోలు ఊడదీస్తుంది. అందుకని మా చిన్నోడు ఏ వస్తువు మీదైనా ముందు చెయ్యి ఆడించి చూస్తాడు, అది కాఫీ గ్లాసైనా సరే. ఆ అలవాటు వాణ్ణి ఇరవై ఎనిమిదేళ్ళు కాపాడింది. ఇప్పుడూ అదే చేశాడు. పైపు వెంట, దూలం అంచు దగ్గర, మెల్లగా చెయ్యి పోనిచ్చాడు.

"అబ్బ!" అని చెయ్యి లాక్కున్నాడు.

"ఏమైందిరా?"

"ఏం లేదు, చీమ కుట్టినట్టయింది. దొరికింది, ఇక్కడే."

చూపుడు వేలి కొసన సూదిమొనంత చుక్క. నొక్కితే రక్తం రాలేదు. ఒక్క నూనె బొట్టు వచ్చింది. నేను ఇంకా లివరు పట్టుకునే ఉన్నాను. అప్పుడు టైము మూడున్నర. గోడ గడియారం కేసి చూశాను, మరదలు ఎప్పుడొస్తుందో అన్న భయంతో.

మోటారు ఆపాం. ఒళ్ళంతా కాలిన మచ్చలున్న మనిషికి ఆ చుక్క ఒక గాయమా? గుడ్డతో తుడుచుకున్నాడు.

"మీ మరదలికి చెప్పకు."

"అడిగితే?"

"అడగదులే."

నేను జీవితంలో అబద్ధం ఆడలేదని చెప్పుకుంటాను. అది నిజమే. అడగనిదానికి జవాబు చెప్పకపోవడం అబద్ధం కాదని ఒక లెక్క పెట్టుకున్నాను.

గురువారం ఎనిమిదింటికి వాళ్ళింటికి వెళ్ళాను. వాడు వంటింట్లో బల్ల దగ్గర ఎడమ చేత్తో కాఫీ తాగుతున్నాడు. కుడి చూపుడు వేలికి గుడ్డ చుట్టి ఉంది. మరదలు అది విప్పుతోంది. వేలు వాచి, తెల్లగా, కొవ్వొత్తిలా నిగనిగలాడుతోంది. వంగడం లేదు. మణికట్టు దాకా సలుపుతోందని వాడు నా చెవిలో అన్నాడు.

"ఏమిటండీ ఇది?"

"ముల్లు. కట్టెలు సర్దుతుంటే గుచ్చుకుంది."

"ముల్లుకి ఇంత వాస్తుందా?"

"మీ చెల్లెలింట్లో ముళ్ళు మెత్తగా ఉంటాయేమో. ఇక్కడివి ఇంతే."

ఆమె నవ్వలేదు. నా వైపు చూడనూ లేదు. చూసి అడిగుంటే చెప్పేవాణ్ణి. కాఫీ తాగి గ్లాసు కడిగిపెట్టాను.

గ్రీజు పదింటికి వచ్చాడు. పొట్టిగా, గుండ్రంగా, గోళ్ళ నిండా నలుపుతో. గుమ్మంలోంచే, "అన్నా, ఎక్కడ నీ ఏనుగు?" అన్నాడు. యంత్రం చుట్టూ ఒకసారి తిరిగి మెచ్చుకోలుగా ఈల వేశాడు. బిగించిన మర దగ్గర ఈల ఆగింది. తర్వాత గోడ వైపు చూశాడు. సున్నం మీద విసనకర్రలాగా సన్నటి నూనె మరక పరుచుకుని ఉంది.

"దీన్ని ఎవరు నడిపారు?"

"ఎవరూ నడపలేదయ్యా" అంది మరదలు గుమ్మంలోంచి. "నువ్వొచ్చేదాకా ముట్టనని ఒట్టేశారు."

గ్రీజు గోడ వదిలి దగ్గరికొచ్చాడు. మా వాడి చేతినే చూస్తున్నాడు.

"ఆ వేలేమిటన్నా?"

"ముల్లు" అన్నాడు మా తమ్ముడు.

గ్రీజు నా వైపు తిరిగాడు. గొంతు బాగా తగ్గించాడు. "పెద్దన్నా, నువ్వు చెప్పు. పైపుని చేత్తో తడిమాడా?"

ఇప్పుడు అడిగారు.

"ముల్లు కాదు" అన్నాను. "నిన్న మధ్యాహ్నం మూడున్నరకి పైపు తడిమాడు. లివరు పట్టుకుంది నేను. స్విచ్చి వేసిందీ నేనే."

మరదలు చేతిలో గ్లాసు గుమ్మం పక్కన పెట్టింది, చాలా జాగ్రత్తగా.

"అట్ట ముక్క పెట్టి చూడాలన్నా, చెయ్యి కాదు" అన్నాడు గ్రీజు, మా వాడి భుజం పట్టుకుని లేపుతూ. "కంటికి కనపడని బెజ్జంలోంచి ఆ నూనె సూదికన్నా గట్టిగా వస్తుంది. తోలు కోసుకుని లోపలికి పోతుంది. పోయింది వేల్లో ఆగదు, నరాల వెంట పైకి పాకుతుంది. మా షెడ్డులో ఒకడు రెండు రోజులు ఊరుకున్నాడు. పదండి, వ్యాను బయటే ఉంది."

"నొప్పి కాస్త తగ్గిందిలే..." అన్నాడు మా వాడు.

"తగ్గిందంటేనే భయం. లేవన్నా!"

ఆసుపత్రిలో డాక్టరు చిన్నది, మా అమ్మాయి వయసుంటుంది. వేలు చూసి మొదట అడిగింది ఒక్కటే. "ఎన్ని గంటలైంది?"

"పొద్దున్నే" అన్నాడు తమ్ముడు, పెళ్ళాం కేసి చూడకుండా.

"నిన్న మూడున్నరకమ్మా" అన్నాను. "పంతొమ్మిది గంటలు దాటింది."

ఆమె పెన్ను ఆగింది. "నిన్న సాయంత్రమే వచ్చుంటే..." అని, మిగతాది మింగేసి నర్సుని కేకేసింది.

వాణ్ణి లోపలికి తీసుకెళ్ళాక ఒక కాగితం తెచ్చారు. మరదలు కళ్ళద్దాలు ఇంట్లోనే వదిలేసి వచ్చింది. "చదవండి బావగారూ" అంది. చదివాను. వేలు, అవసరమైతే అరచెయ్యి, ఇంకా అవసరమైతే మణికట్టు దాకా తీసివేయడానికి మాకు సమ్మతమే. "మణికట్టు" దగ్గర ఆగాను. ఆమె మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. సంతకం పెట్టింది.

బల్ల మీద పక్కపక్కన కూర్చున్నాం. ఆమె తలుపు వైపు చూస్తూ అంది.

"ముల్లు అన్నప్పుడు మీరు అక్కడే ఉన్నారు కదా."

"ఉన్నానమ్మా."

"నేను గుడ్డ విప్పుతున్నప్పుడు?"

"ఉన్నాను."

"కాఫీ తాగారు. గ్లాసు కడిగిపెట్టి వెళ్ళారు." కోపంగా అనలేదు, గుర్తు చేసుకుంటున్నట్టు అంది. "ఆయన సంగతి నాకు తెలుసు బావగారూ, ఒట్టేస్తూనే సందు వెతుక్కునే మనిషి. మీరున్నారు కదా అని నేను చెల్లెలింటికి వెళ్ళాను."

దానికి జవాబు దేవుడి దగ్గర ఉందేమో, నేను అడగలేదు.

మూడింటికి వాణ్ణి బయటికి తెచ్చారు. చూపుడు వేలు తీసేశారు. అరచెయ్యి తెరిచి కడిగారు, కుట్లు వెయ్యకుండా వదిలేశారు. రేపు మళ్ళీ తెరిచి చూడాలన్నారు. నర్సు వచ్చి, ముంజేతి మీద ఎర్రదనం ఎక్కడి దాకా ఉందో చూసి, ఆ అంచు వెంబడి నీలం పెన్నుతో గీత గీసింది.

"ఎరుపు ఈ గీత దాటితే వెంటనే పిలవండి. దాటిందా లేదా అని అనుమానమొచ్చినా సరే, పిలవండి."

వాడు మత్తులో కళ్ళు తెరిచాడు. చేతికి దిండంత కట్టు. లోపల ఏముందో వాడికి కనపడదు.

"అన్నయ్యా, ఎంత పోయింది?"

"చూపుడు వేలు. మిగతాది రేపు చెబుతారు. మణికట్టు దాకా కూడా పోవచ్చు, కాగితం మీద రాయించుకున్నారు. అది మీ ఆవిడకి నేనే చదివి వినిపించాను."

వాడు కళ్ళు మూసుకున్నాడు. మరదలు దుప్పటి సర్ది, కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుని ఆ నీలం గీత వైపు చూస్తూ కూర్చుంది. నేను మంచానికి ఇటు పక్క కూర్చున్నాను. రోజూ చదువుకునే ప్రార్థనే చెప్పుకోవడం మొదలుపెట్టాను, కళ్ళు మూసుకోకుండా. నాలుగున్నరప్పుడు కిటికీలోంచి వెలుతురు మారింది. ఎరుపు గీత మీదికి వచ్చిందా, లేక నీడా అన్నది తేలలేదు.

"నర్సుని పిలుస్తున్నానమ్మా" అని లేచాను.