తోలు బిగించని గుమ్మెటలు

చెన్నమ్మ తన కళ్లతో చూసింది. అందుకే ఎవరెన్ని చెప్పినా పోలీసులు రాసుకున్న మాట ఆమెకు మింగుడు పడలేదు.

నాలుగేండ్లుగా చుక్క నీరు చేరని చెరువులో, జిగటమన్ను దొరికే గుంతలోకి ఆమె మొగుడు గంగాధరప్ప దిగి ఉన్నాడు. గుమ్మెటలకు ఆ మన్నే కావాలి. గుమ్మెట అంటే తోలు బిగించిన మట్టి డోలు, బుర్రకథ చెప్పేవాళ్ల చంకలో మోగేది. చెన్నమ్మ బుట్ట పట్టుకుని పైన నిలబడింది. అవతలి వైపు కాంట్రాక్టర్ విష్ణువర్ధన్ జేసీబీ గట్టును అడుగుకంటా తొలిచేస్తోంది. చెరువు మన్ను ఇటుకబట్టీలకు తోలే గుత్త అతనిదే.

"లోపల మనిషి ఉండాడు!" అని చెన్నమ్మ అరిచింది. జేసీబీ ఆగింది. గొడుగు కింద నిలబడిన విష్ణువర్ధన్ చెయ్యి ఊపాడు. జేసీబీ మళ్లీ కదిలింది. గట్టు కూలింది.

కుమ్మరివీధంతా వచ్చి చేతులతో తోడింది. గంగాధరప్ప నోటి నిండా మన్నే. నలభై ఏండ్లు ఏ మన్ను పిసికి కూడు తిన్నాడో, ఆ మన్నే.

పోలీసులు విష్ణువర్ధన్ చెప్పిందే రాసుకున్నారు. తాగి గుంతలో పడి చచ్చాడట. శనివారాలు ఒక్కపొద్దు ఉండే మనిషి, కల్లు వాసన కూడా గిట్టని మనిషి! "నువ్వన్నా సూసినావు గదా సామీ?" అని చెన్నమ్మ దేవుని పటాన్ని అడిగింది. పటం ఏం చెప్తుంది? సాక్ష్యం చెప్పాల్సింది మనుషులు.

దినాలు ముగిసిన మర్నాడే విష్ణువర్ధన్ మనిషి గిరి వీధిలోకి వచ్చాడు. లేపాక్షి పోయే రోడ్డు మీద అతని యజమాని యాత్రికుల కోసం పెద్ద దుకాణం తెరుస్తున్నాడు.

"నూరు గుమ్మెటలు కావాలంట. వాటి మీద దుకాణం పేరు ఉండాలంట. లేదంటే చెరువులో తట్టెడు మన్ను కూడా ఎత్తొద్దన్నాడు."

కుమ్మరివీధి అంతా కూడింది.

"ఇయ్యం పో అంటే సరి!" అన్నాడు ఒక కుర్రవాడు.

"మన్ను లేకుంటే ఏం తింటావప్పా, చక్రాన్నా?" అన్నాడు అందరికీ పెద్దవాడైన బయ్యన్న.

"కొడవలి యాడుండాది?" అని చెన్నమ్మ లేచింది. "ఒక్క ఏటు. ఆ పైన నన్ను ఉరి తీసుకోనీ."

"నువ్వు జైలుకు పోతే ఆ చెరువు వాని కొడుకులకు మిగుల్తాది. కూర్చో తల్లీ," అన్నాడు బయ్యన్న.

గుమ్మెటలకు తోళ్లు బిగించే మారెక్క దూరంగా నిలబడి ఉంది. ఆరోజు జేసీబీ తోలిన ఓబుళేసు ఆమె కొడుకే. అందుకే ఆమెను ఎవరూ కూర్చోమనలేదు.

"ఏమ్మే మారెక్కా, నీ కొడుక్కు ముద్ద దిగుతాందా?" అంది చెన్నమ్మ.

"దిగడం లేదక్కా. ఆ పొద్దు నుంచి బండి ఎక్కలేదు. నోరు ఇప్పితే నిన్నూ ఆ గుంతలోనే పూడుస్తానని ఆ కాంట్రాక్టర్ అన్నాడంట." మారెక్క ఒక అడుగు ముందుకు వేసింది. "వాని గుమ్మెటలకు నేను తోలు బిగించను. నరికినా బిగించను."

"తోలు లేకుంటే అవేం గుమ్మెటలు? ఉత్త కుండలు," అని ఆ కుర్రవాడు నవ్వాడు.

చెన్నమ్మ తల ఎత్తింది. "కుండలే కావాల. సావు కుండలు."

నవ్వు ఆగిపోయింది. చితి చుట్టూ మూడు చుట్లు తిరిగి, భుజం మీంచి వెనక్కి వదిలి, తిరిగి చూడకుండా వచ్చే కుండ. ఊళ్లో ఏ కులం శవానికైనా అది ఈ వీధి నుంచే పోతుంది.

"బతికినోనికి కుండ పగలగొట్టేది పాపం," అన్నాడు బయ్యన్న మెల్లగా.

"మనం మొక్కే వీరభద్రుడు ఎందుకు పుట్టినాడు పెదనాయనా? దక్షుని తల తీసేదానికి గదా? నేను తల అడగలేదు. వాడు మనకు సచ్చినాడని పదిమందిలో చెప్తానంటాండా."

బయ్యన్న లేచి తలపాగా చుట్టుకున్నాడు. "నా చక్రం మీద ఎన్ని చెయ్యాల?" అన్నాడు.

గంగాధరప్పను మింగిన గుంతలోంచే మన్ను తెచ్చారు. మగవాళ్లు చక్రం తిప్పితే, ఆడవాళ్లు చెక్కపలకలతో తట్టి తట్టి గోడలు పలచన చేశారు. ఒక్కో దెబ్బకు ఒక్కో తిట్టు. "బాగా కాల్చండప్పా," అంది చెన్నమ్మ, "పగిలితే వాని ఎముకల్లో వినపడాల."

దుకాణం తెరిచే పొద్దున విష్ణువర్ధన్ దండ వేసుకుని, బందోబస్తుకు వచ్చిన ఎస్సై పక్కన మెట్ల మీద నిలబడ్డాడు. నూరుమంది గుమ్మెటలు ఎత్తుకుని రోడ్డు మీద వస్తుంటే యాత్రికులు ఫోన్లు తీశారు.

"తోళ్లు యాడ?" అని గిరి అడ్డం వచ్చాడు.

"నీకు తెచ్చింది కాదులే. పక్కకు జరుగు," అంది చెన్నమ్మ.

దుకాణం చుట్టూ ఒక చుట్టు. రెండు. ఏదో పూజ అనుకుని జనం దారి ఇచ్చారు. మూడో చుట్టుకు హారతి పళ్లెం పట్టుకున్న పూజారికి అర్థమైంది. ఆయన మెట్లు దిగిపోయాడు.

చెన్నమ్మ విష్ణువర్ధన్‌కు వీపు చేసి నిలబడింది. "నా మొగుణ్ని సంపిన విష్ణువర్ధన్‌కు!" అని భుజం మీంచి వదిలింది. మెట్ల మీద గుమ్మెట భళ్లున పగిలింది. దాని వెనక ఇంకొకటి. దాని వెనక పది. పెంకులు విష్ణువర్ధన్ చెప్పుల దాకా దొర్లాయి.

"పట్టుకోండ్రా ఆ లంజెను!" అని అతను కేక పెట్టాడు. దండ మెడలోనే ఉంది.

అప్పుడు జనంలోంచి ఓబుళేసు వచ్చాడు. తల్లి చేతిలోని గుమ్మెట తీసుకున్నాడు. "జేసీబీ తోలింది నేనే. లోపల గంగాధరన్న ఉండాడని చెప్పినా. 'ఉంటే ఉండనీ, తవ్వు' అన్నాడు ఈయప్ప. నేను తవ్వినా. నన్నూ రాసుకోండి, ఈయప్పనూ రాసుకోండి." గుమ్మెట వెనక్కి వదిలాడు.

"స్టేషన్లో చూద్దాం," అన్నాడు ఎస్సై.

"ఈడనే రాయాల! ఇప్పుడే రాయాల!" నూరు గొంతులు, వాటితో యాత్రికుల గొంతులు.

ఎస్సై రాయలేదు. చెన్నమ్మను, బయ్యన్నను, ఓబుళేసును వ్యాన్ ఎక్కించాడు. మిగిలిన వాళ్లు ఎవరూ ఎక్కమనకుండానే వెనక నడిచారు. విష్ణువర్ధన్ కారు వ్యాన్‌కు ముందు పోయింది.

వ్యాన్ కటకటాల్లోంచి చెన్నమ్మ చూసింది. కారు దగ్గరికి వచ్చేకొద్దీ టీ అంగడి షట్టరు సగానికి దిగింది. పక్కన పంచరు షాపుదీ దిగింది. కారు దాటిపోగానే గాజులమ్మే ఆమె చెంబు తెచ్చి దాని జాడ మీద నీళ్లు చల్లింది, శవం పోయిన వాకిట్లో చల్లినట్టు. ఆ పై ఇంట్లోంచి ఇంకొక చెంబు. ఆ పై ఇంట్లోంచి బిందె.

నాలుగు రోజులకొకసారి ట్యాంకరు వచ్చే ఊరు అది. అయినా ఊరి చివరిదాకా రోడ్డు తడిగానే ఉంది.