మూడో గుర్తు

చక్రాలక్క అప్పటికే విమానం ముక్కు కింద వెల్లకిలా పడుకుని ఉంది. కుడిచెయ్యి ముందు చక్రాన్ని మోసే ఇనుప కాడ వెంట పైకి పాకి, ఇంజను వెనకాల రేకు దగ్గర ఆగింది. ఏదో తేడా. కళ్ళు మూసుకుని మళ్ళీ తడిమింది. రేకు మీద గోరంత ముడత. నిన్న పొద్దున లేదు.

ఆ శిక్షణ బడిలో ఇద్దరు కూర్చునే చిన్న విమానాలు మూడున్నాయి. వాటి చక్రాలు, బ్రేకులు చూడటం ఆమె పని. ఇరవై నాలుగో ఏట ఊడ్చే పనికి వచ్చి, చూసి చూసి ఇది నేర్చుకుంది. బస్సు నడిపే భర్త పోయి ఆరేళ్ళయింది. బట్టలు కుట్టే కూతురు కంటి ఆపరేషను చేయించుకోమని రోజూ పోరుతుంది. ముప్పై నాలుగేళ్ళలో ఆమె ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదు. ఎందుకని అడిగితే, "ఎక్కడంలో ఏముంది? దిగడం చూడాలి గాని" అనేది. అదొక పిచ్చి ఆమెకు. ఎవరు దిగుతున్నా పని ఆపి మరీ చూసేది. నిన్న సాయంత్రం మాత్రం కూతురి పోరు పడలేక కళ్ళ డాక్టరు దగ్గరికి పోయింది.

విమానం దిగాక రాసే పుస్తకంలో నిన్నటి చివరి విద్యార్థి 'మామూలుగా దిగాను' అని రాసి సంతకం పెట్టాడు. ఈ రోజు పదకొండింటికి ఇదే విమానంలో అతను పక్క ఊరిదాకా ఒంటరిగా పోయి రావాలి.

శిక్షణ ఇచ్చే కెప్టెన్ వంగి చూశాడు. "నాకేం కనబడట్లేదు అక్కా. మీకా, చత్వారం. రేపు ఇంజనీరు వస్తాడుగా, చూపిద్దాం."

"రేపటిదాకా ఇది కదలకపోతే సరే సార్."

"మీరు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు!"

"దీనికీ మూడే సార్. మూడోది విరిగేట్టుంది."

కెప్టెన్ నవ్వాడు గాని మాట మార్చలేదు. విమానాన్ని ఆపే అధికారం ఆమెకు లేదు. ఇంకొక్కసారి గట్టిగా నేలకు తగిలితే ఆ కాడ నిలవదు. లోపల ఒంటరిగా కుర్రాడుంటాడు. ఆమెకు నిజంగా భయమేసింది.

ఆ కుర్రాడు తేలు కుట్టిన దొంగలా గోడ వారన నిలబడి ఉన్నాడు. "రా నాయనా, ఒకటి చూపిస్తా" అని రన్‌వే మీదికి తీసుకుపోయి, నేల మీది నల్లటి రబ్బరు గుర్తులు చూపించింది.

"ఇవి నీ వెనక చక్రాలు. వేగం కాస్త ఎక్కువైంది, ఎగిరింది. ఇక్కడ మళ్ళీ తగిలింది, మళ్ళీ ఎగిరింది. ఇదిగో, ఈ మూడో గుర్తు చూడు. మధ్యలో ఒక్కటే. ఇది ముక్కు." తలెత్తి అతని మొహంలోకి ఆత్రంగా చూసింది. "ఎగిరినప్పుడు ఏం చేశావు? తిట్టనులే. తెలుసుకుందామని."

"ముక్కు కిందికి నొక్కాను అక్కా. నేల ఎక్కడికో పోతున్నట్టు అనిపించింది. ఎలాగోలా దిగిపోదామని."

"ఓరి నీ! నేల ఎక్కడికి పోతుంది?" పకపకా నవ్వింది. "అందరూ అక్కడే నొక్కుతారు. చెప్పేవాళ్ళే తక్కువ."

"చెబితే మళ్ళీ మొదటికి పంపిస్తారు."

"పంపిస్తే పో. మనిషివి ఉంటావుగా."

అతను పోయి కెప్టెన్‌కి చెప్పాడు. ఇంజను మూత విప్పారు. కాడను పట్టి ఉంచే ఇనుప గొట్టం మీద వెంట్రుక మందాన పగులు. కెప్టెన్ ఆ పగులు మీద వేలు పెట్టి చూశాడు. తర్వాత "తప్పయిపోయిందక్కా" అన్నాడు.

మధ్యాహ్నం ఆమె చేతులు కడుక్కుంటుంటే కుర్రాడు వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అక్కా, రోజుకి ఇరవైసార్లు దిగుతారు కదా. అవి నా గుర్తులేనని ఎలా తెలిసింది?"

"అదో పెద్ద కథ. తిని, కాస్త నడుం వాల్చి చెప్తా."

షెడ్డు వెనక బెంచీ మీద పడుకుంది.

మూడింటికి అతను పుస్తకం పట్టుకుని వచ్చాడు. 'మామూలుగా' అన్నది కొట్టేసి జరిగిందంతా రాశాడు, ఆమెకు చూపించాలని. పిలిచాడు. పలకలేదు. భుజం మీద చెయ్యి వేస్తే చల్లగా తగిలింది. నిద్రలోనే పోయింది.

కెప్టెన్ పరుగున వచ్చాడు. కూతురు వచ్చింది. తీసుకుపోయారు. అడిగినదానికి జవాబు రాకుండానే పోయిందని కుర్రాడికి ఏడుపు ఆగలేదు. బెంచీ పక్కన చతికిలబడ్డాడు. కింద ఆమె రబ్బరు చెప్పులు కనిపించాయి. ఆమె చక్రాలు చూసినట్టే, ఒక్కొక్కటే తిరగేసి చూశాడు. ఎడమ చెప్పు బయటి అంచంతా అరిగి పలచబడి ఉంది, కుడిది మడమ దగ్గర మాత్రమే.