కాగితానికి కిరాయి

నాకు కోపం ఎక్కువని మా వాడకట్టంతా అంటుంది. అననివ్వండి. నాలుగేళ్లు గుల్బర్గాలో బీఫార్మసీ చదివి వచ్చిన మనిషిని గొర్లదొడ్డి ముందు మంచం మీద కూర్చోబెడితే ఎవరికైనా కోపమే వస్తుంది. నేను ఊళ్లో మంచం మీద ఉంటే, నా సర్టిఫికెట్ కోస్గి బజారులో శరణప్ప సేటు మందుల దుకాణం గోడకు, అద్దాల ఫ్రేములో, అగరుబత్తి పొగ మింగుతూ వేలాడుతోంది.

అది అక్కడికి ఎట్లా చేరిందో చెబుతాను. నా ఫీజు కట్టింది శరణప్పే. ఊరికే కట్టలేదు, మా నాయిన బీరప్ప గొర్లమందను కుదువ పెట్టుకొని కట్టాడు. గొర్లు మా దొడ్లోనే ఉంటాయి, మేపేది నాయినే. కాని ఏడాదేడాదికీ ఫీజు కట్టినప్పుడల్లా కొన్ని గొర్ల వీపుల మీద శరణప్ప గుర్తు పడేది, ఎర్రజాజు గీత. మేం కురుమలం. గుర్తు ఎవరిదైతే గొర్రె వాళ్లది, అందులో మాకు రెండో మాట లేదు. నా చదువు అయ్యేసరికి మందలో గీత లేని గొర్రె మిగల్లేదు.

తొంభై ఆరులో పాసై వచ్చాను. శరణప్ప నాయినను పిలిపించాడు.

"బీరప్పా, దుకాణం లైసెన్సుకు ఫార్మసీ సదివినోళ్ల సర్టిఫికెట్ కావాలె. నీ బిడ్డది నా గోడకు పెడ్త. నెలనెలా కిరాయి ఇస్త. గా పైసలు నీ వడ్డీల పట్టుకుంట."

మొదటి నెల నేనే వెళ్లి దుకాణంలో కూర్చున్నాను. కాగితం నాదైతే మందులిచ్చే చెయ్యి కూడా నాదే కావాలి కదా. డాక్టరు చీటీ లేనిదే సూదిమందు ఇవ్వనన్నాను. గడువు దాటిన సీసాలన్నీ అరల్లోంచి తీసి కింద పెట్టాను. నెల తిరక్కముందే శరణప్ప నాకు రెండు చేతులూ జోడించాడు.

"అమ్మా, నీ కాగితం చాలు. నువ్వు ఇంటికాడ కూసో."

గుల్బర్గాలో నాతో చదివిన తాహేరా హైదరాబాదులో మందుల కంపెనీలో చేరింది. నన్నూ రమ్మని, ఉద్యోగం ఉందని కబురు చేసింది. నేనూ నాయినా కూర్చొని లెక్క చూసుకున్నాం. గది కిరాయి, తిండి, బస్సు పోగా జీతంలో మిగిలేది వడ్డీకి సగం కూడా రాదు. పైగా నేను అక్కడ చేరితే ఇక్కడ సర్టిఫికెట్ దించాలి. గోడ మీదే ఉంటే వడ్డీ దానంతట అదే తీరుతుంది. నాకు ఒళ్లు మండింది. పొద్దంతా నిలబడి పనిచేసే నాకంటే మేకుకు వేలాడే కాగితం ఎక్కువ సంపాదిస్తుందట! అట్లాంటప్పుడు నేను చదవడమెందుకు, ఆ ఫీజుతో నాలుగు మేకులు కొనుక్కుంటే పోయేది.

"జర ఓపిక పట్టు బిడ్డా. వడ్డీ తీరనీ, గప్పుడు పోదువు," అన్నాడు నాయిన.

"మరి అసలు?"

ఆయన లేచి గొర్ల దగ్గరికి పోయాడు.

నా చదువు మీద ఆయన సంబరం మాత్రం తగ్గలేదు. ఎరువు కోసం రైతులు చేలల్లో మంద పెట్టించుకుంటారు. నాయిన ఊరూరూ మందతో తిరిగేవాడు, పోయిన ప్రతి చేలోనూ ఒకటే పాట. "కోస్గిల మందుల దుకాణం మా కౌసల్యదే. పేరు రాసి గోడకున్నది. బేఫికర్‌గ పోండ్రి." నేను అక్కడ లేనని ఆయనకు తెలియదా? తెలుసు. కాని మా వాళ్ల లెక్కలో గుర్తు ఉన్నదంటే మనిషి ఉన్నట్టే. గొర్రె కసాయివాణ్నే నమ్ముతుందంటారు. మా వాళ్లు గోడను నమ్మారు.

అట్లా నమ్మిపోయినవాళ్లలో మా మేనత్త సుక్కమ్మ ఒకతె. ఎప్పుడో సల్ఫా గోళీలు మింగితే ఆమెకు ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. చచ్చినా వాటిని మళ్లీ ముట్టుకోవద్దని, ఒక గోళీ చేతిలో పెట్టి చూపించి మరీ చెప్పాను. ఆ వానాకాలం దగ్గు, జ్వరం పట్టుకుంటే ఆమె నడుచుకుంటూ కోస్గి పోయింది.

నేను చూసేటప్పటికి మహబూబ్‌నగర్ పెద్ద దవాఖానలో ఉంది. పెదవులు పొక్కిపోయాయి, కళ్లు తెరుచుకోవడం లేదు, చేతుల మీద తోలు ఊడి వస్తోంది. బతుకుతుందో లేదో ఇంకా చెప్పలేమన్నారు.

"అత్తా, గా గోళీలు వద్దని చెప్పిన గదనే! ఎట్ల మింగినవ్?"

"చూస్తె గవే అనిపించినయి. ఇయ్యి నాకు పడయి, కౌసల్య ఏదని అడిగిన," అంది సుక్కమ్మ. మాట కూడా నొప్పిగానే వస్తోంది. "మేడం లోపల బువ్వ తింటాంది, గామెనే ఇయ్యమన్నదని సేటు చెప్పిండు. వద్దన్నదీ నువ్వే, ఇయ్యమన్నదీ నువ్వే. ఇప్పుడు మంచియే కావొచ్చు అనుకున్న బిడ్డా."

దవాఖాన నుంచి నేరుగా కోస్గి బస్సెక్కాను. దుకాణంలో పదిమంది ఉన్నారు. ఉండనీ అనుకున్నాను. నా నోటికి ఎన్ని మాటలు వస్తాయో అన్నీ అన్నాను. శరణప్ప ఉలకలేదు.

"కిరాయి తింటలేరా మీరు? దించుకుంటవా, దించుకో. అయితె మొత్తం బాకీ ఇయ్యాల్నే కట్టాలె. లేకుంటె మంద తోలియ్యమను మీ నాయినను."

ఫ్రేము దాకా వెళ్లిన నా చెయ్యి ఆగిపోయింది. మంద పోతే నాయినకు ఇంకేం మిగులుతుంది? ఆ చెయ్యి ఆగినందుకు నా మీద నాకు పుట్టిన కోపం శరణప్ప మీద కూడా పుట్టలేదు.

ఇంటికి వచ్చి నాయినకు అంతా చెప్పాను. సుక్కమ్మ ఆయనకు స్వయానా అక్క. విన్నంతసేపూ కట్టె పట్టుకొని నిలబడ్డాడు. "నేనే పొమ్మన్న," అన్నాడు చివరికి. ఆ పూట తిండి తినలేదు.

తెల్లారి కోస్గిలో అంగడి, వారానికోసారి జరిగే సంత. నాయిన మందనంతా తోలుకొని నడిబజారులోంచి తీసుకుపోయి శరణప్ప దుకాణం ముందు ఆపాడు. గొర్లు మెట్లెక్కాయి. ఒకటి లోపలికి పోయి అట్టపెట్టె నమలసాగింది. అంగడి అంగడంతా అక్కడే గుమిగూడింది.

"గిదేం పనిర బీరప్పా!" శరణప్ప గల్లా దగ్గర్నుంచి అరిచాడు.

"గొర్ల మీద నీ గుర్తున్నది సేటూ. గా కాగితం మీద నా బిడ్డ పేరున్నది. ఎవలది వాళ్లం తీసుకుందం."

"గీ గొర్లకు బాకీ తీరదు. ఇంకింత ఉంటది!"

"నా బిడ్డ కడ్తది. ఇంట్ల కూసోని గాదు, పని చేసి కడ్తది."

చదువురాని మా నాయిన చెప్పులు బయట విడిచి లోపలికి పోయి, గోడకున్న నాలుగు ఫ్రేముల్లో ఏది నాదని నన్నడిగి, దించి, గొంగడి కొంగుతో దుమ్ము తుడిచి నా చేతికిచ్చాడు.

తిరిగి వస్తుంటే ముందర తోలడానికి ఏమీ లేదు. ఆయన కట్టె ఊరికే భుజం మీద ఉంది. నేరుగా ఇంటికి పోతామనుకున్నాను. కాని ఆయన తోవలో మొదటి చేను దగ్గరే ఆగి, గట్టు మీద ఉన్న రైతును కేకేశాడు.

"పటేలా, కోస్గి దుకాణంల మా బిడ్డ లేదు. ఎన్నడు లేదు. నేను చెప్పింది అబద్ధం."

తరువాతి చేను దగ్గరా ఆగాడు. ఆ తరువాతి చేను దగ్గరా.