బండి పైన, బండి కింద

ఆదివారం పొద్దున చర్చి గంట మోగేసరికి క్లెడ్‌బరీ గడియార స్తంభం దగ్గరికి సైకిళ్ళన్నీ చేరిపోతాయి. ఎండైనా వానైనా అంతే. ఆ ఊళ్ళో ఎండ చుట్టపుచూపుగా వస్తుంది కనక వానే అనుకోండి. టైర్లు నొక్కి చూసుకునేవాళ్ళు కొందరు, ఫ్లాస్కుల్లో టీ సర్దుకునేవాళ్ళు కొందరు, మోకాళ్ళ నొప్పుల గురించి ఒకరితో ఒకరు పోటీపడేవాళ్ళు మిగిలినవాళ్ళు. వీళ్ళందరికంటే ముందొచ్చి, అందరికీ వీపు చూపించి నిలబడేది ఎనిడ్ ప్రాసర్.

ఆవిడకి డెబ్భై దాటాయి. ఊళ్ళో మాంసం కొట్టు ఏళ్ళ తరబడి నడిపి, కత్తులు దించి కూడా చాన్నాళ్ళయింది. సైకిలు మాత్రం దించలేదు. క్లబ్బుకి ఆవిడే కెప్టెన్. ఏ దారిన వెళుతున్నారో ముందు చెప్పడం ఆవిడ ఇంటా వంటా లేదు. "నా వెనక రండి" అంటుంది, పెడలు మీద కాలు వేస్తుంది. అంతే.

"నడిమధ్యలో గడ్డి మొలవకపోతే అదేం దారి?" అనేది ఆవిడ సిద్ధాంతం. గడ్డి మొలిచిందంటే చక్రాలు తక్కువని లెక్క. పొలాల మధ్య, గట్ల మధ్య, పటాల్లో వెంట్రుకవాసి గీతలుగా మిగిలిపోయిన డొంకదారులన్నీ ఆవిడకి అరచేతి రేఖలే. ఒక్క కారు ఎదురుపడకుండా పొద్దంతా తిప్పి మళ్ళీ గడియారం దగ్గర దింపేది. ఆ పేరు విని పొరుగు జిల్లాలవాళ్ళు రైళ్ళలో సైకిళ్ళు వేసుకుని వచ్చేవారు. "మాకు పటాలెందుకండీ, ఎనిడ్ గారి వెనక చక్రం ఉండగా!" అని క్లబ్బువాళ్ళు మీసాలు మెలేసేవారు, మీసాల్లేని ఆడవాళ్ళతో సహా.

గోడలకి చెవులుంటాయంటారు. ఆ లోయలో కంచెలకి నోళ్ళున్నాయి. గట్ల మీద తరతరాలుగా పెరిగిన ముళ్ళపొదల కంచెలవి. దారిలో బండి వస్తోందంటే ముందుగా కేకేస్తాయి. ఎదురుగా వస్తుంటే "బండి పైన!" అంటాయి. వెనక నుంచి వస్తుంటే "బండి కింద!" అంటాయి. అది సైకిలు తొక్కేవాళ్ళు వరసలో ఒకరికొకరు అందించుకునే కేక. నలభై ఏళ్ళు ఎనిడ్ ఆ డొంకల్లో మాంసం కొట్టు గొంతుతో అలా అరిస్తే, వినీ వినీ కంచెలు నేర్చుకున్నాయి. అందుకే వాటి గొంతు అచ్చం ఆవిడ గొంతే. మే నెలలో కోయిల కూస్తుంది, బండొస్తే కంచె అరుస్తుంది, క్లెడ్‌బరీలో ఇందులో వింతేమీ లేదు.

చిక్కల్లా డెస్మండ్ ట్రాంటర్‌తో వచ్చింది. పక్క లోయలోని క్లబ్బు ఆ చలికాలం మూతబడితే, ఆయన తనవాళ్ళని వెంటేసుకుని ఇందులో చేరాడు. వాళ్ళ భాష తలకిందులు. వాళ్ళకి 'పైన' అంటే వెనక నుంచి వచ్చే బండి.

"మీదికొచ్చి పడేది వెనక బండే కదండీ! అందుకే పైన" అనేవాడు డెస్మండ్.

"తల పైన, తోక కింద. గొర్రెనడిగినా చెబుతుందయ్యా" అనేది ఎనిడ్.

వాదన తేలలేదు గానీ, కంచెలు విన్నాయి. కుడివైపు కంచెలు కొత్తవాళ్ళ మాట పట్టుకున్నాయి, ఎడమవైపువి పాత మాట వదల్లేదు. దాంతో ఒక్క బండికి రెండు కేకలు. జనానికి ముందు నుయ్యి వెనక గొయ్యి అయింది.

ఈ రెండు కేకల గొడవ ఎనిడ్‌కి తెలియదు. ఎందుకంటే ఎనిడ్‌కి వినపడదు.

రెండేళ్ళ కిందట మొదలైంది. డాక్టరు చెవిలో పెట్టుకోమని యంత్రం ఇచ్చాడు. అది పెట్టుకుని సైకిలెక్కితే గాలి హోరు తప్ప ఇంకేమీ లేదు, ఆ హోరు సముద్రంలో పడ్డట్టు ఉంది. తీసి సొరుగులో పడేసింది. ఎవరికీ చెప్పలేదు. ఎదుటివాళ్ళ పెదాలు చూసి జవాబు చెప్పడం నేర్చుకుంది. జాలి అంటే ఆవిడకి ఒళ్ళు మంట. ఒకసారి జాలిపడ్డారంటే ఇక తన చోటు వెనక వరసే అని ఆవిడకి తెలుసు. అందుకని బండ్లు లేని దారులు వెతికింది. ప్రతి ఆదివారం ఇంకొంచెం సన్నని దారి, ఇంకొంచెం ఒత్తయిన గడ్డి. ఆవిడ భయంతో వెతికిన దారుల్ని చూసి లోకం ఆవిడ తెలివిని మెచ్చుకుంది.

ఆ మే ఆదివారం టీకి ఒక చర్చి హాల్లో ఆగారు. డెస్మండ్ పొద్దున్నుంచీ ఒకటి గమనిస్తున్నాడు. ఎదురుగా అడిగితే టకటకా బదులిచ్చే మనిషి, వెనక నుంచి అడిగితే ఉలకదు, పలకదు. ఆయన టీ కప్పుతో ఆవిడ వీపు వెనక నిలబడి, మామూలు గొంతుతో అన్నాడు.

"అక్రోట్ కేకు ఆఖరి ముక్క మిగిలింది. ఎవరికైనా కావాలా?"

ఆఖరి ముక్క ఎనిడ్ వదిలిపెట్టడం క్లబ్బు చరిత్రలో లేదు. ఆవిడ కిటికీలోంచి గొర్రెల్ని చూస్తూ టీ తాగుతూనే ఉంది. ఇది చూసి మ్యూరియల్ గబుక్కున లేచింది. మ్యూరియల్ ఎనిడ్‌కి చిన్ననాటి నేస్తం, వరసలో ఎప్పుడూ అందరికంటే చివర తొక్కే మనిషి. ఆ ముక్క తీసి ఎనిడ్ పళ్ళెంలో పడేసి, డెస్మండ్ వంక కొరకొరా చూసింది. ఆయన తీగ లాగాడు, డొంకంతా కదిలింది.

బయట సైకిళ్ళ దగ్గర ఆయన ఎనిడ్‌కి ఎదురుగా వచ్చాడు.

"ఎనిడ్ గారూ, మీకు వినపడదు."

"ఏమన్నావు?" అంది అలవాటుగా. అని, తనకే నవ్వొచ్చింది. నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

"మీ మీద కోపమేం లేదండీ. ఇంతమంది మీ వెనక వస్తున్నారు. రేపు ఎవరికైనా ఏదైనా అయితే? ఊరు చేరగానే అందరికీ చెప్పాలి. మీరే చెబితే గౌరవంగా ఉంటుంది."

"చెబితే?"

"ముందు ఇంకెవరైనా తొక్కుతారు."

"ఎవరు? పైనకీ కిందకీ తేడా తెలియని నువ్వా?"

డెస్మండ్ నవ్వలేదు. ఆయన చెప్పినదాంట్లో తప్పు లేదు. అది తెలుసు కనకనే ఆవిడ విసురుగా సైకిలెక్కింది.

తిరుగుదారి చీకటి డొంక. రెండు వైపులా నిలువెత్తు గట్లు, వాటి మీద తెల్లగా విరబూసిన ముళ్ళ కంచెలు, పైన కలిసిపోయిన కొమ్మలు. ఇదే ఆఖరుసారి అనుకుంది ఎనిడ్. ముందు దారి తప్ప ఏమీ కనపడని ఈ మొదటి చోటు ఇక తనది కాదు. ఏడుపొచ్చింది. ఏడుస్తూ తొక్కడం కెప్టెన్లు చేసే పని కాదు కనక వీపు ఇంకాస్త నిటారు చేసి, నడిమి గడ్డి వెంట తొక్కింది.

మలుపు దగ్గరపడగానే ఎడమ కంచె "బండి పైన!" అంది. కుడి కంచె "బండి కింద!" అంది. రెండూ ఎనిడ్ గొంతే. కొందరు బ్రేకులు నొక్కారు, కొందరు వెనక్కి తిరిగి చూశారు, ఇద్దరు ఒకరినొకరు గుద్దుకున్నారు.

"ఏదో ఒకటి ఏడవండే!" అని మ్యూరియల్ చివరి నుంచి కంచెల్ని తిట్టింది.

"ఎనిడ్ గారూ! ఎనిడ్ గారూ!" అని డెస్మండ్ గొంతు చించుకున్నాడు. చెవిటివారి ముందు శంఖం ఊదినట్టయింది. ఆవిడ మలుపులోకి వెళ్ళిపోతోంది.

అప్పుడు కంచెలు రెండూ నోరు మూసుకున్నాయి. ఎడమ గట్టు మీది నుంచి పూలకొమ్మ ఒకటి చాచుకుని వచ్చి, ఎనిడ్ రొమ్ము మీద రెండుసార్లు తట్టింది. కొట్టులో పనివాళ్ళని ఆవిడ తట్టినట్టే, గట్టిగా.

ఎనిడ్‌కి అర్థమైంది. ముందు నుంచి బండి.

చెయ్యెత్తి, ఎడమ గట్టుకి ఒదిగి ఆగింది. ఆ చెయ్యి చూసి వరసంతా ఒదిగింది. కోసిన పచ్చగడ్డి ట్రాలీని ఈడ్చుకుంటూ ట్రాక్టరు మలుపు తిరిగి, డొంక నిండా పట్టినంతగా వచ్చి, వాళ్ళ మోచేతులకి బెత్తెడు దూరంలో వెళ్ళిపోయింది. నడిపేవాడు స్టీరింగు మీంచి ఒక్క వేలెత్తి పలకరించాడు. ఎనిడ్ కూడా వేలెత్తింది.

మళ్ళీ బయల్దేరి కాస్త దూరం వెళ్ళారో లేదో, ఈసారి కొమ్మ వీపు మీద తట్టింది. ఎనిడ్ వెనక్కి చూడకుండానే చెయ్యి ఊపి పక్కకి తప్పించింది. పాస్టరు గారి చిన్న కారు అందరినీ దాటుకుని పోయింది. వరస పొడుగునా కొమ్మలు ఎవరి వీపు వాళ్ళకి తడుతూనే ఉన్నాయి. డెస్మండ్ వీపున జెర్సీ చర్రున చిరిగింది.

"మెల్లగా తట్టకూడదూ? ముల్లు దిగింది" అని మ్యూరియల్ కంచెని కసిరింది.

గడియారం దగ్గర ఎవరూ ఇళ్ళకి పోకముందే ఎనిడ్ వెనక్కి తిరిగి అందరికీ ఎదురుగా నిలబడింది. ఆవిడ మొహం చూస్తూ ఆ చోట నిలబడటం వాళ్ళకి కొత్త.

"నాకు చెవుడు. రెండేళ్ళయింది. మీకు మంచి దారులు చూపిస్తున్నానని మురిసిపోయారు. నాకు కార్లంటే భయమేసి ఈ దారులు పట్టాను. అంతే సంగతి. డెస్మండ్ చెప్పబోయేదీ ఇదే, నేనే చెప్పాను. ఇప్పుడు మీ ఇష్టం."

ఎవరైనా నోరు మెదిపినా ఏ నోటి వంక చూడాలో ఆవిడకి తెలియలేదు. డెస్మండ్ సైకిలు గోడకి ఆనించాడు. హెల్మెట్ తీసి, నడుచుకుంటూ వచ్చి, ఆవిడకి తన పెదాలు బాగా కనపడేట్టు సరిగ్గా ఎదురుగా నిలబడ్డాడు. ఒక్కొక్క మాటే విడదీసి అడిగాడు.

"వచ్చే ఆదివారం ఏ దారండీ?"

ఎనిడ్ మళ్ళీ అందరికీ వీపు తిప్పింది.

"ముందు చెప్పడం నాకు అలవాటు లేదయ్యా. నా వెనక రండి."

ఆ రోజు తరవాత ఆ లోయలో కంచెలు అరవడం మానేశాయి. ఈ మాట ఎనిడ్‌కి చెప్పింది మ్యూరియల్.

"అంటే అవి ఇన్నాళ్ళూ నా గొంతుతోనే అరుస్తున్నాయా? వినపడే రోజుల్లో కూడా పోల్చుకోలేదే!"

"నీ గొంతేనే. ఎంత దూరానికైనా వినపడేది."

ఎనిడ్ పొంగిపోయింది. ఆ సంతోషం దాచుకోవడానికి వంగి, గట్టిగా ఉన్న టైరుకే మళ్ళీ గాలి కొట్టింది.

పైనా కిందా వాదన కూడా అక్కడితో సరి. రొమ్ము మీద తడితే ముందు, వీపు మీద తడితే వెనక. దాన్ని డెస్మండ్ కూడా కాదనలేడు. ఎనిడ్ ఆ తరవాత ఎన్నో ఏళ్ళు ముందే తొక్కింది, సన్నని దారులే తొక్కింది, ఈసారి భయంతో కాదు. దేశం నలుమూలల క్లబ్బులు కలిసే చోట క్లెడ్‌బరీ వాళ్ళని గుర్తుపట్టడం తేలిక. ప్రతివాళ్ళ జెర్సీకీ ముందొక చిరుగు, వెనకొక చిరుగు, వాటి మీద రంగు కలవని కుట్లు. "ఎనిడ్ గారి మనుషులా?" అని అడిగి మరీ పక్కకి జరిగి చోటిస్తారు.

డెస్మండ్ జెర్సీ అందరికంటే అధ్వాన్నం. పుట్టినరోజుకి కొత్తది కొనిపెడతానంది ఆయన భార్య.

"వద్దు" అన్నాడు డెస్మండ్. "కొత్తదానికి చిరుగుండదు."