పెద్దాయన నడుముకున్న తాళంచెవి

పొద్దున తొమ్మిదయ్యిందంటే గేటుకి తాళం పడాల్సిందే. వేసేది ఆ కట్టుడుపళ్ళ వర్క్‌షాపు ఓనరు, అందరూ పెద్దాయన అని పిలిచే ఆసామి. తాళంచెవి ఆయన బెల్టుకి గొలుసుతో వేలాడుతుంది. స్నానానికి తప్ప ఊడదు. ఆలస్యమైనవాళ్ళు మధ్యాహ్నం దాకా బయట గాలి పీలుస్తూ కూర్చోవాలి.

అలా గాలి పీలుస్తూనే ఒక్కొక్కరూ ఎదురుగా ఉన్న కొత్త పళ్ళ ల్యాబులోకి జారుకున్నారు. అక్కడ ఎప్పుడొచ్చినా ఫరవాలేదు, పని పూర్తయితే చాలు.

మేనేజరు ఉద్యోగం, పెళ్ళాం రెండూ పెద్దాయన దగ్గరే సంపాదించుకున్న అల్లుడి నెత్తిన ఆ రోజు పిడుగు పడింది. పింగాణక్క వెళ్ళిపోతానంది. పళ్ళకి పింగాణీ పూత వేయడంలో ఆమెకి సాటి లేదు. ఆమె చేసిన పన్ను పక్కన సొంతపళ్ళు నకిలీవనిపిస్తాయి. ఆమె పోతే డాక్టర్లంతా ఆమె వెంటే పోతారు. ఇక్కడ మిగిలేది తాళమూ, మామగారూ.

"మా ఆయనది రాత్రి డ్యూటీ. తెల్లారకముందే ఇంటికొచ్చి, మధ్యాహ్నం దాకా పిల్లని చూసుకుని, అప్పుడు పడుకుంటాడు. నేను ఆరింటికొచ్చి రెండింటికి పోతే గొడవే లేదు. అడిగి అడిగి నోరు నొప్పెడుతోంది తమ్ముడూ. సాయంత్రం ఎదురు ల్యాబువాళ్ళకి ఏ సంగతీ చెప్పెయ్యాలి."

అల్లుడు పెద్దాయన దగ్గరికి పరిగెత్తాడు.

"ఆరింటికి గేటెవరు తీస్తారోయ్? నేనా?"

"తాళంచెవి ఆమెకిస్తే..."

"ఇచ్చేస్తే నాకింక మిగిలేదేంటి, మీ అత్తా?"

ఇంకోటి చేయించుకొద్దామంటే అసలు చెవి చేతికి రావాలి కదా. అచ్చు తీసి పోత పోయడం తప్ప వేరే విద్య రానివాళ్ళకి వచ్చే ఆలోచన ఒక్కటే. పళ్ళ అచ్చులు తీసే గులాబీరంగు ముద్దని అల్లుడు గిన్నెలో కలిపాడు.

భోజనమయ్యాక పెద్దాయన ఎప్పటిలాగే తలుపు జారవేసి, కట్టుడుపళ్ళు తీసి గ్లాసులో వేసి, కుర్చీలోనే గురకపెట్టాడు. అల్లుడు పిల్లిలా దూరి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పెళ్ళిచూపులనాడు కూడా ఆ మనిషి ముందు అంత వంగలేదు. తాళంచెవిని ముద్దలో అదిమిపట్టాడు. ముద్ద గట్టిపడుతోంది. గురక ఆగింది. మళ్ళీ మొదలైంది.

గిన్నె లాగాడు. తాళంచెవి ముద్దలోంచి ఊడలేదు, గొలుసు కూడా వచ్చింది. గొలుసుతో బెల్టు, బెల్టుతో మామగారు ముందుకొచ్చారు.

పెద్దాయన కళ్ళు తెరిచాడు. తిట్టడానికి నోరు తెరవబోయి టక్కున మూసుకుని గ్లాసు కోసం తడిమాడు. అక్కడ గ్లాసు లేదు.

ఎప్పుడు తీసిందో, అది గుమ్మంలో పింగాణక్క చేతిలో ఉంది.

"ఎడమపక్క నొక్కుతోందన్నారుగా బాబాయ్‌గారూ, కాస్త అరగదీసి ఇస్తాను. ఈలోపు నా మాట వినండి."

ఆయన బోసినోరు పనివాళ్ళెవరూ చూసి ఎరగరు. చూపించడం కంటే వ్యాపారం ఎత్తేయడం నయం ఆయనకి. అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, జన్మలో మొదటిసారి, ఎదుటిమనిషి మాట పూర్తయ్యేదాకా విన్నాడు.

"నాకు జీతం పెంచొద్దు. పొద్దున్నే గేటు తెరిచుంటే చాలు. మీ దగ్గర నేర్చుకున్న పని పట్టుకెళ్ళి ఎదురు ల్యాబులో అమ్ముకోవాలని నాకేం సరదా కాదు. కానీ పిల్లని గేటు బయట కూర్చోబెట్టుకుని పళ్ళు చెయ్యలేను కదా."

పళ్ళు ఇచ్చింది. ఆయన అటు తిరిగి పెట్టుకున్నాడు. ఇద్దరూ తల వంచుకుని తిట్లకి సిద్ధమయ్యారు. ఆయన గిన్నె అందుకుని, తాళంచెవి ఊడబీకి, అచ్చుని వెలుతురులోకి ఎత్తాడు.

"ముద్ద కలిపిందెవరు?"

"నేనే మామయ్యగారూ."

"తెలుస్తూనే ఉంది. అంతా బుడగలే. దీంతో పోత పోస్తే అగ్గిపెట్టె కూడా తెరుచుకోదు. ముప్పూటలా తింటావు, ముద్ద కలపడం రాదు." గిన్నె పింగాణక్క చేతిలో పెట్టాడు. "నువ్వు కలుపమ్మా. నేను మాత్రం తాళంచెవి ఎవరికీ ఇవ్వలేదు. నిద్రపోతున్నాను."

ఈసారి వాళ్ళ ఎదుటే పళ్ళు తీసి గ్లాసులో వేసి కళ్ళు మూసుకున్నాడు. చొక్కా కిందినుంచి గొలుసు మాత్రం మెల్లగా బయటికి జరిపాడు.

పింగాణక్క ముద్ద కలుపుతూనే ఎదురు ల్యాబుకి ఫోన్ చేసి భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుంది.

"నేనండీ. రావట్లేదు. లేదు లేదు, ఇక్కడే బాగుంది."

పెద్దాయన గురక ఒక్కసారిగా పెద్దదైంది.