డల్సీ వదిన మూలుగు

యుద్ధం రోజుల్లో ప్రతి ఆదివారం భోజనాలయ్యాక సముద్రం ఒడ్డున ఉన్న కూమ్‌స్టన్ ఊళ్లో ప్రథమ చికిత్స దళం సాధన చేసేది. బాంబు పడినట్టు, జనానికి దెబ్బలు తగిలినట్టు ఆడేవాళ్లు. దెబ్బలు తినే వేషం ప్రతిసారీ డల్సీ టోజర్‌దే. కోటుకు "కుడి చెయ్యి విరిగింది" అని చీటీ గుచ్చి రాళ్లబాట మీద పడుకోబెడితే చాలు, వీధి దద్దరిల్లేలా మూలిగేది.

"అయ్యో, చచ్చానురోయ్! నా పిల్లలకింక దిక్కెవరు?"

"నీకు పిల్లలెక్కడ వదినా? నోరు మూసుకుని పడుకో," అని కసిరేది ఎనిడ్. ఆమె దళానికి పెద్ద. డల్సీ ఆమె అన్న విల్ఫ్ భార్య. "ఇదేమన్నా నాటకమా?"

"నాటకం కాకపోతే ఏంటమ్మా? రక్తం రాదు, టీ మాత్రం వస్తుంది!" అనేది డల్సీ.

విల్ఫ్ లాండ్రీ వ్యాను నడిపేవాడు. యుద్ధం మొదలయ్యాక అందులోనే స్ట్రెచర్లకు అరలు బిగించారు.

ఆ ఆదివారం సాధన మధ్యలో ఉండగా సముద్రం వైపు నుంచి ఒంటరి విమానం ఒకటి పొగగొట్టాలను రాసుకుంటూ వచ్చింది. సైరన్ కూసే వ్యవధి కూడా లేదు. బాంబు పడి రొట్టెల కొట్టు కుప్పకూలింది.

ఎనిడ్ దుమ్ములోంచి లేచింది. చెవులు గింగురుమంటున్నాయి. డల్సీ పడుకున్నచోటే పడి మూలుగుతోంది.

"ఎనిడ్, ఇటు రావే..."

"నీ వేషాలకు ఇదా సమయం వదినా? లేచి సాయం పట్టు!" అని అరిచి ఎనిడ్ కొట్టు వైపు పరుగెత్తింది. వారం వారం విన్న మూలుగే కదా, కొత్తగా ఏం అనిపిస్తుంది? పాడు అలవాటు, మనిషి చెవుల్ని ఎంత మొద్దుబారుస్తుందో!

రొట్టెలవాడి కూతురు మావిస్‌ను శిథిలాల్లోంచి లాగి, నలిగిన చేతికి పట్టీ బిగించి, వ్యాను ఎక్కించి వచ్చేసరికి డల్సీ మూలుగు సన్నబడింది. రాళ్ల సందుల్లో నెత్తురు పారుతోంది. ఎనిడ్‌కు పైప్రాణాలు పైనే పోయాయి. కోటు కత్తిరించి చూస్తే గజ్జల్లో ఇనుపముక్క దిగి ఉంది. పట్టీ బిగించడానికి వీల్లేని చోటు. రెండు చేతులూ వేసి అదిమింది.

"ఈసారి నిజంగానే తగిలిందే," అంది డల్సీ, తప్పంతా తనదే అయినట్టు.

డల్సీని స్ట్రెచర్ మీద ఎక్కిస్తుంటే, అదిమిన చేతులు తియ్యకుండానే ఎనిడ్ కూడా వ్యాను ఎక్కింది. ఆసుపత్రి కొండ అవతల ఉంది. విల్ఫ్‌కీ వెనకవాళ్లకీ మధ్య చెక్క అడ్డం.

"దాన్ని మూలగమనవే," అని ముందు నుంచి కేకేశాడు. "వినబడుతుంటే నాకు ధైర్యం."

డల్సీ మూలిగింది. కొండ ఎక్కుతుండగా ఆ మూలుగు ఆగిపోయింది. ఎనిడ్ వంగి వదిన నోటి దగ్గర చెవి పెట్టింది. ఊపిరి లేదు.

"ఎనిడ్! మూలుగేదే?"

తన అన్న సంగతి ఆమెకు తెలుసు. చెబితే వ్యాను అక్కడే ఆపి పెళ్లాం మీద పడి ఏడుస్తాడు. పక్క అరలో మావిస్ పెదాలు నీలంగా మారుతున్నాయి. ఆలస్యమైతే ఆ పిల్లా దక్కదు.

వేషాలంటే గిట్టని ఎనిడ్ నోరు తెరిచి మూలిగింది. వదినలాగే దీర్ఘం తీస్తూ, ఆసుపత్రి వాకిలి దాకా మూలుగుతూనే ఉంది.

మావిస్‌ను లోపలికి తీసుకుపోయారు. బతుకుతుందని నర్సు వచ్చి చెప్పింది. విల్ఫ్ టోపీ తీసి వ్యాను వెనక్కి వచ్చాడు. ఎనిడ్ తల ఎత్తలేకపోయింది.

"అన్నయ్యా, తను పిలిచింది, నేను వెళ్లలేదు. ఆ మూలుగు కూడా..."

"ఇన్నేళ్లు కాపురం చేశాను. నా పెళ్లాం గొంతు నాకు తెలీదా?" అన్నాడు విల్ఫ్. "కొండ మీదే తెలిసిపోయింది. నువ్వెక్కడ మూలుగు ఆపేస్తావోనని భయపడుతూ నడిపాను."